కింది వీధి ఊపిరి

వైశాఖం, సోమవారం

వడపోత గుడ్డలు ఉతకడం ఈ వారం నా వంతు. పైనుంచి లాగే గాలిలో ఎర్రమట్టి ఎంతుందో ఈ గుడ్డలు పిండితే తెలుస్తుంది. మొదటిసారి ముంచగానే బకెట్ నీళ్లు ఇటుక రంగు తిరిగాయి. నీళ్లు కొలిచి ఇస్తారు కాబట్టి అవే నీళ్లతో రెండోసారి కూడా జాడించి, గాలి గదిలో తీగ మీద ఆరేశాను. నేల మీద ఎండ ఎట్లా ఉందో చూసి చాలా ఏళ్లయింది. గుడ్డల రంగును బట్టి ఊహించుకోవడమే.

మాది కింది వీధి. సున్నపురాయిని తొలిచి కట్టిన ఈ ఊళ్లో మూడు వీధులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మాది అన్నిటికన్నా లోతు. ఒక్కో వీధికి ఒక్కో తిత్తి ఉంది. గుడారమంత రబ్బరు సంచి అది, మెల్లగా ఉబ్బుతుంది, మెల్లగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా వీధిలోకి గాలి వస్తుంది. దాన్నే మేం ఊపిరి అంటాం. ఒక ఊపిరికి పది సెకన్లు పడుతుంది. గాలి ఎక్కితే లేచి, తగ్గితే పడే గీతను తెర మీద గీసే పెట్టె ఒకటుంది, స్కోపు అంటాం. ఊపిరి సరిగ్గా ఉందో లేదో ఆ గీతలో చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. పొద్దుటి షిఫ్టు నాది, మధ్యాహ్నం షిఫ్టు మద్దిలేటన్నది.

గుడ్డలు ఆరేస్తుంటే పక్కింటి హుస్సేనమ్మవ్వ వచ్చి గడప మీద చతికిలబడింది.

"ఓబులమ్మా, మధ్యాన్నమైతే తల దిమ్మెక్కిపోతాంది. నిన్న కూడా ఇట్లనే. గాలి బాగనే వస్తాందా?"

"బాగనే వస్తాందవ్వా. గీత చూస్తానే ఉండాం గదా."

అన్నాను కానీ, అన్న తర్వాత తెర వైపు మరోసారి చూశాను. గీత బాగానే ఉంది. అయితే ఎప్పటిలా కదలడం లేదు. స్కోపు పెట్టె మీద చూస్తే మీట ఆటో దగ్గర లేదు, నార్మల్ దగ్గర ఉంది. నేను మార్చలేదు.

బుధవారం

మద్దిలేటన్నను అడిగాను.

"నేనే మార్చినా. ఆటోలో పెడితే గీత నిలబడదు గదమ్మా. యాడ్నుంచి పడితే ఆడ్నుంచి మొదలైతాది. ఎత్తు కొలవాలంటే కండ్లు పోతాండాయి."

అది నిజమే. ఊపిరి పైకి లేచే ఆ క్షణం కోసం స్కోపు కాచుకుని ఉంటుంది. అది కనబడగానే గీత గీయడం మొదలుపెడుతుంది. ఆటోలో దానికి ఓపిక తక్కువ. రెప్పపాటు చూసి, ఊపిరి రాకపోతే తనంతట తనే గీసేస్తుంది. మా ఊపిరికేమో పది సెకన్లు. అంతసేపు అది ఆగదు. అందుకే ప్రతిసారీ గీత వేరే చోట మొదలవుతుంది. నార్మల్‌లో పెడితే ఎంతసేపైనా కాచుకుంటుంది. గీత ప్రతిసారీ ఒకేచోట మొదలై, ముగ్గు వేసినట్టు కుదురుగా కనబడుతుంది.

"నీకై నువ్వే మార్చినావా?"

"పైనుంచి చెప్పినార్లే."

ఎవరు చెప్పారో అతను అనలేదు. నేనూ అడగలేదు. ముఖం మాత్రం చూశాను. అతను నా వైపు చూడకుండా తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

అతను వెళ్లాక ఇంకొకటి చూశాను. ఊపిరి దొరికినప్పుడల్లా మినుకుమనే చిన్న దీపం ఒకటి స్కోపు మూలన ఉంటుంది. దాని మీద పట్టీ ముక్క అతికించి ఉంది. గాయాల మీద వేసే పట్టీ. దీపం కనబడకుండా చేయాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? పీకేద్దామని గోరు పెట్టాను. మళ్లీ ఆగిపోయాను. పీకితే నేను చూశానని అతనికి తెలిసిపోతుంది.

గురువారం

హుస్సేనమ్మవ్వ పడిపోయింది.

అన్నం తిని అందరూ నడుం వాల్చే వేళ. గోడ అవతల గిన్నె దొర్లిన చప్పుడైంది. వెళ్లి చూస్తే పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. పిలిస్తే కళ్లు తెరిచింది కానీ, నేనెవరో గుర్తుపట్టలేదు. నడవలోకి లాక్కొచ్చి, పైమెట్ల దగ్గర కూర్చోబెట్టమని పక్కింటివాళ్లకు చెప్పి, గాలి గదికి పరుగెత్తాను.

మద్దిలేటన్న స్కోపు ముందు కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఊపిరి ఆగిపోయినట్టుంది!"

"యాడ ఆగింది? చూడు."

చూశాను. గీత నిండుగా ఉంది. ఐదు గుట్టలు, ఒకే ఎత్తు. నేను బయటికొచ్చి వీధి మొగదల ఉన్న గాలి జాలీకి నా పైట చెంగు ఆనించాను. చెంగు కదల్లేదు. తిరిగి లోపలికి వెళ్లి, అతను వద్దంటున్నా మీటను ఆటోకు తిప్పాను.

గీత నేలబారుగా పాకింది. గుట్ట లేదు, గుంట లేదు. అలా సగం తెర దాకా పాకి, ఉన్నట్టుండి పైకి లేచింది. ఆ తర్వాత అన్నీ మామూలు ఊపిర్లే.

"చూసినావా?" అన్నాను.

"ఏం చూడాల? ఆటోలో అది దాని ఇష్టమొచ్చినట్టు గీస్తాది. దాన్ని నమ్ముకోని గోల చేస్తే ఎట్లమ్మా?"

మీటను మళ్లీ నార్మల్‌కు తిప్పాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. నార్మల్‌లో స్కోపు ఊపిరి కోసం కాచుకుంటుంది సరే. ఊపిరి రాకపోతే ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అంతకుముందు గీసిన గీతను తెర మీద అలాగే ఉంచుతుంది. ఊపిరి ఆగి ఎంతసేపైనా, తెర మీద మాత్రం ఆఖరి ఊపిరి అందంగా నిలబడే ఉంటుంది. దీపం మినుకుమనకపోవడం ఒక్కటే గుర్తు. ఆ దీపానికేమో పట్టీ వేశారు.

శుక్రవారం

తిత్తికీ మా వీధికీ నడుమ ఒక వాల్వు ఉంది. దాన్ని కరెంటు మోటారుతో మూయొచ్చు, చేతిచక్రంతోనూ మూయొచ్చు. చక్రం ఉన్న సందులోకి మద్దిలేటన్న రోజూ మధ్యాహ్నం వెళ్తాడు. వడపోత పెట్టెలు దులపడానికి అంటాడు. ఆ పెట్టెలూ ఆ సందులోనే ఉన్నాయి మరి. ఏది ముట్టుకుంటున్నాడో ఇక్కడ కూర్చున్నవాళ్లకు కనబడదు.

నా షిఫ్టు అయిపోయాక, గుడ్డలు కుట్టాలని చెప్పి అక్కడే కూర్చున్నాను. అతను సందులోకి వెళ్లగానే స్కోపు రెండో తీగను వాల్వు మోటారు తీగకు కలిపాను. మోటారుకు కరెంటు వస్తే స్కోపు అక్కడే పట్టుకోవాలి. మీట సింగిల్‌కు తిప్పాను. సింగిల్‌లో స్కోపు ఒక్కసారే గీసి ఆగిపోతుంది, పట్టుకున్నది చెదరదు. మూయడం, తెరవడం రెండూ ఒకే తెర మీద పడాలని తెర మీది పది గడుల్లో ఒక్కో గడికి వంద సెకన్లు పెట్టాను. మోటారు కదలకముందు ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం జరిగిందో సగం సగం కనబడేట్టు నడిమిగడిలో గుర్తు పెట్టాను.

మొదలుపెట్టే బొత్తాం నొక్కి చేయి తీశానో లేదో, జాలీకి నేను ముందే కట్టి ఉంచిన దారం వాలిపోయింది. ఊపిరి ఆగింది! స్కోపు వైపు చూశాను. అది ఏమీ పట్టుకోలేదు. ఇంకా కాచుకునే ఉంది. ఆరేడు నిమిషాలకు దారం మళ్లీ ఎగరడం మొదలయ్యేదాకా చూశాను. స్కోపులో కదలిక లేదు.

అంటే మోటారుకు కరెంటు రాలేదు. అయినా వాల్వు మూసుకుంది. ఇక మిగిలింది చేతిచక్రమే.

మద్దిలేటన్న ఒళ్లంతా దుమ్ముతో సందులోంచి వచ్చాడు.

"ఇంకా పోలేదా ఓబులమ్మా?"

"పోతాండాన్లే" అన్నాను.

శనివారం

ఊరి గాలికంతా పెద్ద కంబగిరి సారు. ఆయన ఆఫీసు పై వీధిలో. నేను ఆయన ముందే, మద్దిలేటన్న వింటుండగానే చెప్పేశాను. మీట మార్చింది ఇతనే, దీపానికి పట్టీ వేసింది ఇతనే, చక్రం తిప్పుతున్నది ఇతనే అన్నాను.

"దీపం మినుకుమంటే తల నొస్తాందని వేసినా" అన్నాడు మద్దిలేటన్న. ఆ జవాబు నాకే కాదు, అక్కడున్న గుమాస్తాకు కూడా నవ్వు తెప్పించింది.

కంబగిరి సారు నవ్వలేదు. ఎక్కువ అడగనూ లేదు. "సరే, రేపట్నుంచి నువ్వు రావద్దు మద్దిలేటీ. విచారణ అయ్యేదాకా" అని కాగితాలు సర్దుకున్నాడు. నాతో, "బాగా కనిపెట్టినావమ్మా" అన్నాడు.

మెట్లు దిగుతుంటే మద్దిలేటన్న ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, వడివడిగా దిగిపోయాడు.

సోమవారం

ఇప్పుడు రెండు షిఫ్టులూ నావే. మధ్యాహ్నం సందు తలుపుకు నేనే తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుని కూర్చున్నాను.

దారం వాలిపోయింది.

తలుపు లాగి చూశాను. తాళం వేసినట్టే ఉంది. లోపల ఎవరూ లేరు. కింది వీధిలో పిల్లలు ఏడవడం వినబడింది. ఆ ఏడుపు కూడా నెమ్మదిగా సన్నబడింది. నేను తాళం తీసి సందులోకి పరుగెత్తి, చక్రాన్ని వెనక్కి తిప్పబోయాను. మోటారు బిగించి పట్టుకుని ఉంది, చక్రం తిరగడం లేదు. రెండు చేతులూ వేసి వేలాడితే కొంచెం కదిలింది. మోటారే మూసింది! మరి శుక్రవారం స్కోపుకు ఎందుకు కనబడలేదు?

గాలి తిరిగి వచ్చాక స్కోపు ముందు కూర్చుని శుక్రవారం చేసినదంతా మళ్లీ చేశాను. సింగిల్ నొక్కి, వెంటనే రెండో తీగ కొసను బ్యాటరీకి తాకించాను. స్కోపు పట్టించుకోలేదు. మళ్లీ తాకించాను. లేదు. తీగ చెడిందేమో అనుకుని దాన్ని పక్కన పెట్టి, వడపోత గుడ్డలు మడతపెట్టి వచ్చి మళ్లీ తాకించాను. ఈసారి పట్టుకుంది.

అప్పటికి అర్థమైంది. ముందు సగం చూపించమని నేనే అడిగాను. ఆ ముందు సగం నిండేదాకా స్కోపు దేన్నీ లెక్కలోకి తీసుకోదు. వేగంగా గీసేటప్పుడు అది కన్ను మూసి తెరిచేలోపు నిండిపోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. గడికి వంద సెకన్లు పెడితే ఐదు గడులు నిండడానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. శుక్రవారం నేను బొత్తాం నొక్కగానే వాల్వు మూసుకుంది, ఆ సగం నిండకముందే తెరుచుకుంది. స్కోపు చూసింది, కానీ లెక్కలోకి తీసుకోలేదు. కాచుకుంటున్నట్టే కనబడింది.

నేను ఆ ఖాళీని సాక్ష్యం అనుకున్నాను. గురువారం గాలి తిరిగి వచ్చినప్పుడు అతను నా పక్కనే ఉన్నాడన్నది కూడా గుర్తు చేసుకోలేదు. ఒక మనిషిని ఆ ఖాళీతో కొట్టాను.

మంగళవారం

పొద్దున టిఫిన్ అయిన వెంటనే సింగిల్ నొక్కి ఉంచాను. ముందు సగం నిండడానికి కావలసినంత సమయం. వీధిలో అందరినీ మధ్యాహ్నానికి ముందే మెట్ల మీదికి పంపాను, తిత్తి బాగుచేస్తున్నామని అబద్ధం చెప్పి.

ఈసారి పడింది. ఎడమ సగంలో నిండు ఊపిర్లు, నడిమిగడిలో మోటారు తీగకు కరెంటు వచ్చినట్టు ఒక పొడవాటి గుంజ, ఆ తర్వాత ఊపిరి గీత నేలబారు. తెరిచినప్పుడు పడాల్సిన రెండో గుంజ తెర చివర దాకా రానేలేదు. అంతసేపు మూసే ఉంచారు. మోటారు తీగను పట్టుకుని నడిచాను. గోడ వెంట, మెట్ల పక్కన, నడి వీధి దాటి పైకి వెళ్లింది. కంబగిరి సారు ఆఫీసు గోడలోకి దూరింది.

ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. బల్ల పక్కన గోడకు మూడు మీటలు ఉన్నాయి. ఒకటి కిందికి నొక్కి ఉంది.

"సార్, ముందు అది ఎత్తండి."

ఆయన ఎత్తాడు. అబద్ధం చెప్పాలని చూడలేదు. అలసిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూడు తిత్తులకూ గాలి లాగే పెద్ద మోటారు లోపలి తీగ చుట్టు కాలిపోతాంది ఓబులమ్మా. మధ్యాన్నం పైన గాలి నిప్పు లెక్క ఉంటాది. మూడు వీధులకూ లాగితే మోటారు మొత్తానికే పోతాది. అప్పుడు ఎవురికీ గాలుండదు. కొత్త రాగితీగ వచ్చేదాకా ఒక వీధిని ఆపక తప్పల్యా."

"ఆ మాట చెప్పొచ్చు గదా సార్."

"చెప్తే ఏమయ్యేది? అందరూ ఒకేసారి పైకి ఎగబడ్తారు. ఆ మెట్లు చూసినావా ఎంత ఇరుకో?"

"అందుకని నార్మల్‌లో పెట్టమన్నారు. ఆఖరి గీత నిలబడి ఉంటే మేం చూస్తా కూర్చుంటామని."

ఆయన తలూపాడు.

"మద్దిలేటన్నకు తెలుసా?"

"తెలీదు. గీత కుదురుగా ఉంటాదని చెప్పినా. అంతే నమ్మినాడు."

"ఐతే శనివారం నేను అతని మీద చెప్పినప్పుడు మీరు..."

"నువ్వే చెప్తివి గదమ్మా" అన్నాడు. నేను గోడ మీది మూడు మీటల వైపు చూశాను.

"మూడు వీధులుంటే కింది వీధే ఎందుకు సార్?"

"ఆడ జనం తక్కువ."

"మీ ఇల్లు ఏ వీధిలో?"

ఆయన కిటికీలోంచి పై వీధిని చూశాడు. అక్కడ ఎవరో ఆవిడ అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. ఆమె చెంపల మీద వెంట్రుకలు గాలికి ఎగురుతున్నాయి.

గురువారం

నడి వీధి చావడిలో ఊరంతా చేరింది. కంబగిరి సారు మోటారు సంగతి తన నోటితోనే చెప్పాడు. మా వీధివాళ్లు ఆయన మీదికి వెళ్లబోతే నడి వీధివాళ్లు అడ్డుపడ్డారు. పై వీధి నుంచి ఒకాయన లేచి, "మా ఇంట్లో పసిబిడ్డ ఉండాడు, మా వీధి మాత్రం ఆపకండి" అన్నాడు. అప్పుడు హుస్సేనమ్మవ్వ మేనల్లుడు ఆమెను చేయి పట్టి లేపి నిలబెట్టాడు. అవ్వ మాట్లాడాలని చూసింది. ఆమెకు ఇప్పుడు మాటలు వెతుక్కోవలసి వస్తోంది. "మా ఇంట్లో..." అని ఆగిపోయింది. చావడి అంతా ఆ తర్వాతి మాట కోసం ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. మేనల్లుడు ఆమెను కూర్చోబెట్టాడు.

పసిబిడ్డ తండ్రి తల దించుకున్నాడు.

రాగితీగ వచ్చేదాకా రోజుకొక వీధి ఆపాలని తీర్మానం అయింది. ఏ వీధి వంతైతే ఆ వీధి జనం మధ్యాహ్నానికి ముందే బయలుదేరి, మిగతా రెండు వీధుల ఇళ్లలో కూర్చోవాలి. వద్దనే హక్కు ఏ ఇంటికీ లేదు. మీటల గదికి మూడు తాళాలు వేశారు, మూడు వీధులకూ ఒక్కో తాళంచెవి ఇచ్చారు. కంబగిరి సారును పెద్దరికం నుంచి తీసేశారు కానీ ఊళ్లోంచి పంపలేదు. ఆ మోటారు చుట్టు చుట్టడం తెలిసినవాడు ఆయనొక్కడే.

శుక్రవారం

మద్దిలేటన్న ఇంటికి వెళ్లాను. తలుపు అతని భార్య సుంకులమ్మ తీసింది. లోపలికి రమ్మనలేదు. "నీకోసమే వచ్చింది" అని లోపలికి కేకేసి తను వెళ్లిపోయింది.

అతను గడపకు అవతలే నిలబడ్డాడు.

"తప్పు చేసినా అన్నా. మోటారు మూసినది స్కోపులో పడలేదు. ఆ ముందు సగం నిండేదాకా అది..."

"అదంతా నాకెందుకులే" అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వు అడిగింటే చెప్పేవాణ్ణి. పెట్టెలు దులిపేది చూపించేవాణ్ణి, నాతో పాటు ఆ సందులోకి రమ్మనేవాణ్ణి. నువ్వు అడగల్యా. గుడ్డలు కుడతా కూర్చోని నన్ను చూస్తాంటివి."

"తిరిగి రా అన్నా. నీ పని నీకుంది."

"నీళ్ల పంపుల దగ్గర చేరినాలే. ఆడ బాగుంది."

అతను తలుపు వేయలేదు. నేనే తిరిగి వచ్చేశాను.

జ్యేష్ఠం

రాగితీగ వచ్చింది. మోటారు మళ్లీ తిరుగుతోంది. మూడు వీధులకూ మధ్యాహ్నం కూడా గాలి వస్తోంది. అయినా మా వీధిలో ఎవరూ దాన్ని నమ్మడం లేదు. నన్ను కూడా నమ్మడం లేదు. గాలి గది గడప దాటి వచ్చి, నా భుజం మీదుగా తెర చూసి, "ఇది ఇప్పటిదేనా, పాతదా?" అని అడుగుతారు. అడిగినవాళ్లే సాయంత్రం మళ్లీ వచ్చి అడుగుతారు.

మొదట్లో మనసు కష్టపెట్టుకున్నాను. తర్వాత ఊరి అనుమతి తీసుకుని స్కోపును గాలి గదిలోంచి బయటికి తెచ్చి, వీధి మొగదల గూట్లో అందరికీ కనబడేట్టు పెట్టాను. మీటను రోల్‌లో ఉంచాను. రోల్‌లో స్కోపు దేనికోసమూ కాచుకోదు. గీత కుడి అంచున పుడుతూ ఎడమకు జరిగిపోతూ ఉంటుంది. ఎత్తు కొలవడానికి అంత కుదరదు, నిజమే. స్కోపుకు గాలి ఒత్తిడి అందించే గొట్టం మూతిని దాని పక్కనే, జాలీ గాలికి ఎదురుగా బయటికి తెచ్చి వదిలాను. ఎవరికి అనుమానం వస్తే వాళ్లు ఆ మూతి మీద అరచేయి ఆనించి చూసుకోవచ్చు. చేయి పెట్టగానే కుడి అంచున గీత పడిపోతుంది. తీయగానే లేస్తుంది. పిల్లలకు అదొక ఆట అయిపోయింది. పెద్దవాళ్లు మాత్రం ముఖం సీరియస్‌గా పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు చేయి పెట్టి చూసి, ఇంటికి వెళ్లి నడుం వాలుస్తారు.

ఈరోజు మధ్యాహ్నం ఆ వరసలో మద్దిలేటన్న నిలబడ్డాడు. పంపుల పని బట్టలతోనే వచ్చాడు. నేను గూటి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నన్ను పలకరించలేదు. తన వంతు రాగానే గొట్టం మూతి మీద అరచేయి ఆనించాడు.

గీత పడిపోయింది. అతను చేయి తీయలేదు. నేలబారు గీత తెర మీద జరుగుతూ, జరుగుతూ సగం దాకా వచ్చింది. వెనక వరసలో ఒకరిద్దరు గొణిగారు. ఎంతసేపు పెట్టుకుంటే అంతసేపు పెట్టుకోనీ అనుకుని కూర్చున్నాను.

తర్వాత చేయి తీశాడు. గీత లేచింది. మొదటి గుట్ట పూర్తిగా తెర మీదికి వచ్చేదాకా చూసి, నా వైపు తిరిగాడు.

"ఇప్పటిదే" అన్నాడు.

"ఇప్పటిదేన్నా" అన్నాను.

అతను తువ్వాలు భుజాన వేసుకుని పంపుల వైపు వెళ్లిపోయాడు. వరసలో తర్వాతి మనిషి ముందుకు వచ్చి, చేయి చాచింది.